వరంగల్‌లో ఉండి సముద్ర జీవుల కణజాలాల మీద పని చేయొచ్చా?

తమ్ముడూ, తర్వాత చదివేవాళ్లకు కూడా పనికొస్తుంది కాబట్టి నీ ప్రశ్న ఏమిటో ముందు చెప్తాను. హనుమకొండలో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నావు. కాలుష్యం తగిలిన సముద్ర జీవుల కణజాలాల్లో ఏ మార్పులు వస్తాయో, ఏ జబ్బులు వస్తాయో ప్రాజెక్టు చేయాలని ఉంది, కుదిరితే పీహెచ్‌డీ కూడా అందులోనే. "సముద్రం ఎక్కడ, మనం ఎక్కడ, చెరువు చేపకు ఏదో ఒక పురుగుమందు పెట్టి చేసెయ్" అని మీ సార్ అన్నారు. ఆ ఆశ వదులుకోవాలా, ఇక్కడి నుంచే మొదలుపెట్టే దారి ఏదైనా ఉందా అని అడిగావు.

దారి ఉంది. నా ఉద్యోగమంతా చేపల హిస్టాలజీలో, అంటే కణజాలాలను పలచగా కోసి మైక్రోస్కోప్‌లో చూసే పనిలోనే గడిచింది కాబట్టి ధైర్యంగా చెప్తున్నాను. ఈ చదువులో ఒడ్డున ఉండి చేయాల్సిన పని కొన్ని రోజులదే. మిగతాదంతా కణజాలాన్ని పలచగా కోసే మైక్రోటోమ్ దగ్గర, మైక్రోస్కోప్ ముందు జరిగేది. నేను చూసిన స్టూడెంట్లలో చాలామంది ఆగిపోయింది ఇంకో చోట. ఆరోగ్యంగా ఉన్న కణజాలం ఎట్ల ఉంటుందో కంటికి అలవాటు కాకముందే జబ్బు కోసం వెతకడం మొదలుపెడతారు. ఆ అలవాటు చేసుకోవడానికి మనకు వడ్డేపల్లి చెరువు చాలు, ధర్మసాగర్ చాలు.

అసలు కణజాలమే ఎందుకు చూడాలి? నీళ్లు పరీక్షిస్తే ఆ పూట నీళ్లలో ఏముందో తెలుస్తుంది, ఆటుపోట్లతో ఆ అంకె గంటల్లోనే మారిపోతుంది. జీవి ఒంట్లో కాడ్మియం ఎంత, సీసం ఎంత అని కొలిస్తే ఎంత చేరిందో తెలుస్తుంది. చేరినంత మాత్రాన దెబ్బ తగిలినట్టు కాదు. తగిలిందా, తట్టుకుంటోందా, కోలుకుంటోందా అన్నది సెక్షన్‌లోనే, అంటే అట్లా కోసిన పలచని పొరలోనే కనబడుతుంది. ఎంజైములు గంటల్లో, రోజుల్లో మారతాయి. చేపల సంఖ్య తగ్గడం కనబడాలంటే ఏళ్లు పడుతుంది. ఈ రెండింటి నడుమ, వారాల నుంచి నెలల దాకా జరిగినదంతా కణజాలంలో ఉంటుంది. ఉత్తర సముద్రం చుట్టూ ఉన్న దేశాలు డాబ్, ఫ్లౌండర్ అనే బల్లపరుపు చేపల లివర్లను ఏళ్ల తరబడి పరిశీలిస్తూ రావడానికి కారణం ఇదే. ఆ చేపలు అడుగున బురదకు అతుక్కుని బతుకుతాయి, విషాలు చేరేది కూడా ఆ బురదలోనే.

ఇక నీ మొదటి పని. చెరువులో వల వేసే రోజు పొద్దున్నే వెళ్లి, బతికున్న శీలావతి, అదే రోహు, నాలుగైదు తీసుకో. మొప్ప, లివర్, కిడ్నీ, ఈ మూడింటితో మొదలుపెట్టు.

మొప్ప తంతువును పొడవునా కోసి, హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు వేసి చూస్తే, తంతువుకు రెండు వైపులా సన్నని పొరలు దువ్వెన పళ్లలా వరుసగా నిలబడి ఉంటాయి. వీటినే సెకండరీ లామెల్లాలు అంటాం. ఒక్కో పొర మీద ఒకటి రెండు కణాల మందంలో ఎపిథీలియం, అంటే పైన కప్పే కణాల పొర ఉంటుంది. దాని కింద పిల్లర్ కణాలు, ఆ పిల్లర్ల సందుల్లో ఎర్ర రక్తకణాలు ఒకదాని వెనుక ఒకటి కనబడతాయి. చేప ఎర్రకణానికి న్యూక్లియస్ ఉంటుంది కాబట్టి ఒక్కోదాని మధ్యలో నీలం చుక్క తెలుస్తుంది. పొరల మొదళ్లలో గులాబీ రంగులో కాస్త పెద్దగా ఉండేవి క్లోరైడ్ కణాలు, అక్కడక్కడ తేలికగా, ఖాళీగా కనబడేవి మ్యూకస్ కణాలు. ఈ బొమ్మను నువ్వు చూడకుండా కాగితం మీద గీయగలిగే దాకా చూడు. ఆ తర్వాతే ఏది లేచింది, ఏది అతుక్కుంది, ఏది వాచింది అన్న మాట.

లివర్‌లో ఇంకో సంగతి ఉంది. రోహు లాంటి కార్ప్ జాతి చేపల్లో పాంక్రియాస్ విడిగా ముద్దలా ఉండదు. లివర్ లోపలే పోర్టల్ సిరల చుట్టూ అల్లుకుని ఉంటుంది. ముదురు ఊదా కణాలు, వాటిలో మెరిసే గులాబీ రేణువులు కనబడతాయి. కొత్తవాళ్లు దాన్ని చూసి "ఇన్‌ఫిల్ట్రేషన్" (బయటి కణాలు చొరబడటం) అనో "కణితి మొదలు" అనో రాసేస్తారు, అచ్చయిన పేపర్లలో కూడా నేను ఇది చూశాను. అట్లాగే తెల్లటి ఖాళీలు. కణజాలాన్ని మైనం దిమ్మలో పోసే ముందు వాడే ఆల్కహాల్, జైలీన్ కొవ్వును కరిగించేస్తాయి కాబట్టి కొవ్వు ఉన్న చోట గుండ్రని, అంచు తేరిన ఖాళీ మిగులుతుంది. గ్లైకోజెన్ ఉన్న చోట అంచు లేకుండా చెదిరినట్టు ఉంటుంది. బాగా మేత తిన్న చేపకు ఇవి రెండూ మామూలే. వీటిని చూడగానే "వాక్యులేషన్, విషప్రభావం" అని రాస్తే సరిపోదు. గ్లైకోజెన్ అనుమానం ఉంటే దాన్ని చూపించే పాస్ (PAS) స్టెయిన్ వెయ్యి. కొవ్వు అనుమానం ఉంటే మైనంలోకి పంపకముందే ఒక ముక్క తీసి, ఫ్రోజెన్ సెక్షన్ కోసి, కొవ్వుకు పట్టే ఆయిల్ రెడ్ ఓ రంగు వెయ్యి.

కొర్రమీను మన రాష్ట్ర చేప, ఇక్కడ తేలిగ్గా దొరుకుతుంది, బతికించుకోవడం కూడా సులువు. అయినా మొప్పల కోసం దాన్ని ఎంచుకోకు. అది పైకి వచ్చి గాలి పీల్చే చేప, మొప్పల మీద పూర్తిగా ఆధారపడదు. దాని మొప్పను నమూనాగా పెట్టుకుంటే సముద్రపు చేప దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పుతుంది.

చెరువు చేపకూ సముద్రపు చేపకూ తేడా మాత్రం మనసులో పెట్టుకోవాలి. మంచినీటి చేప ఒంట్లోకి నీళ్లు అదే పనిగా చొరబడతాయి కాబట్టి, వాటిని మూత్రంగా తోడేయడానికి దాని కిడ్నీలో గ్లోమెరులస్‌లు, అంటే రక్తాన్ని వడకట్టే సన్న రక్తనాళాల ఉండలు, పెద్దగా, నిండుగా ఉంటాయి. సముద్రపు చేప సమస్య దీనికి తలకిందులు. ఒంట్లోని నీళ్లు బయటికి పోతుంటాయి, అది ఉప్పునీళ్లే తాగి, అదనపు ఉప్పును మొప్పల్లోని క్లోరైడ్ కణాలతో బయటికి పంపుతుంది. అందుకే దాని కిడ్నీలో గ్లోమెరులస్‌లు చిన్నవి, తక్కువ. నీటి గుర్రం లాంటి కొన్నింటికి అసలే ఉండవు. మొప్పల మొదళ్లలో క్లోరైడ్ కణాలు దండిగా ఉంటాయి. చెరువు చేపకు మాత్రమే అలవాటు పడిన కన్ను మొప్పలో "కణాలు విపరీతంగా పెరిగాయి", కిడ్నీలో "గ్లోమెరులస్ కుంచించుకుపోయింది" అనేస్తుంది. రెండూ ఆరోగ్యమే. కాబట్టి తీరంలో అడుగుపెట్టిన రోజు కాలుష్యం ఉన్న చోటికి ముందు పోవద్దు. శుభ్రంగా ఉన్న చోటు చేప ఎట్ల ఉందో చూడు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. ఎక్కువసేపు తీసుకుంటాను, ఓపిగ్గా చదువు.

సెక్షన్ మంచిదా చెడ్డదా అన్నది జీవి చచ్చిన తర్వాత మొదటి నిమిషాల్లోనే తేలిపోతుంది. ఐసులో వచ్చిన మార్కెట్ చేప ఎంత తాజాగా కనబడినా మన పనికి రాదు. చేప చచ్చిన వెంటనే దాని ఎంజైములే దాని కణాలను తినడం మొదలుపెడతాయి, అన్నిటికన్నా ముందు పోయేవి పేగు, పాంక్రియాస్, మొప్ప, ఆల్చిప్పల్లో అయితే జీర్ణగ్రంథి. ఫిక్స్ చేయడం, అంటే కణజాలం కుళ్లకుండా ఫార్మాలిన్ లాంటి ద్రవంలో వెయ్యడం, ఆలస్యమైతే మొప్ప ఎపిథీలియం దానంతటదే పైకి లేస్తుంది. ఇక్కడే అసలు చిక్కు. లోహాలు, డిటర్జెంట్లు, పురుగుమందులు తగిలినప్పుడు కనబడే మార్పు కూడా అచ్చం అట్లాగే ఉంటుంది, ఎపిథీలియం లేవడమే. చేపను తల మీద కొట్టి చంపితే సెకండరీ లామెల్లాల్లో రక్తం ఒక్కసారిగా నిండి బుడగలా ఉబ్బుతుంది. దాన్ని చూసి "ఎన్యూరిజం, కాలుష్య ప్రభావం" అని రాయడం ఎంత తేలికో ఆలోచించు. అందుకే లవంగ నూనె కలిపిన నీళ్లలో మత్తు ఇచ్చి, వెన్నుపాము కోసి, వెంటనే మొప్పలు తియ్యాలి. మొదట మొప్ప, తర్వాత లివర్, తర్వాత కిడ్నీ, ఆఖరున మిగతావి. చేపలన్నీ ముందే చంపి వరుసగా పెట్టుకుని కోయకు. ఒకటి పూర్తయ్యాకే ఇంకోటి. ఎన్ని గంటలకు చనిపోయింది, ఎన్ని గంటలకు ద్రవంలో పడింది, ప్రతి సీసా మీద పెన్సిల్‌తో రాసిన చీటీ లోపలే వెయ్యి. పెన్ను సిరా ఆల్కహాల్లో కరిగిపోతుంది.

చేపలకు పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మాలిన్ చాలు. 900 మి.లీ. డిస్టిల్డ్ నీళ్లలో సీసాలో వచ్చే ఫార్మాలిన్ 100 మి.లీ. కలిపి, సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ మోనోహైడ్రేట్ 4 గ్రాములు, నీళ్లు లేని డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు వెయ్యాలి. బఫర్ లేకపోతే ఫార్మాలిన్ ఆమ్లంగా మారి, రక్తం ఉన్న చోటల్లా గోధుమరంగు పొడి పేరుకుంటుంది. దాన్ని మెలనోమాక్రోఫేజ్‌ల, అంటే చేప ఒంట్లో చెత్తను మింగే కణాల, రంగు అనుకునే ప్రమాదం ఉంది. ముక్క మందం 5 మి.మీ. దాటకూడదు, ద్రవం ముక్క కన్నా కనీసం పది రెట్లు ఉండాలి. చిన్న సీసాలో ముక్కలు కుక్కితే లోపలి భాగం ఫిక్స్ కాకుండానే కుళ్లుతుంది. మొప్పలో ఎముక ఉంటుంది కాబట్టి తంతువులను వాటిని మోసే ఎముక కమాను (ఆర్చ్) నుంచి కత్తిరించుకో, లేదంటే ఈడీటీఏలో ఉంచి ఎముకను మెత్తబరుచు. ఫార్మాలిన్ పని ఫ్యూమ్ హుడ్‌లోనే. అది లేకపోతే ఆరుబయట, గాలి మనిషి వైపు రాకుండా. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చి చెప్పింది. మన కాలేజీల్లో దీన్ని ఎవరూ పట్టించుకోకపోవడం నాకు చాలా బాధ.

రొయ్యలు, పీతలు, ఆల్చిప్పలకు డేవిడ్‌సన్ ద్రవం మేలు. లీటరుకు 95 శాతం ఆల్కహాల్ 330 మి.లీ., ఫార్మాలిన్ 220, గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ 115, నీళ్లు 335. ఒక రోజు, మహా అయితే రెండు రోజులు ఉంచి 70 శాతం ఆల్కహాల్లోకి మార్చెయ్యాలి, లేకపోతే ముక్క గట్టిపడి బ్లేడు కింద విరిగిపోతుంది. ఆకుపచ్చ ఆల్చిప్ప, పెర్నా విరిడిస్, నీ ప్రాజెక్టుకు అన్నిటికన్నా అనువైన జీవి అని నా అభిప్రాయం. కదలకుండా ఒకే చోట ఉంటుంది, నీళ్లు వడకట్టుకుని తింటుంది, అక్కడి కాలుష్యమంతా దాని ఒంట్లోంచే పోతుంది. 1975లో గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్త "మస్సెల్ వాచ్", అంటే ఆల్చిప్పలతో కాలుష్యాన్ని కనిపెట్టే ఆలోచన పెట్టింది ఈ గుణం చూసే. అమెరికాలో 1986 నుంచి తీరం పొడవునా దాని ప్రకారమే శాంపిల్స్ తీస్తున్నారు.

ఆల్చిప్పను తెరిచేటప్పుడు కండరాన్ని కోసి, మాంసాన్ని చింపకుండా బయటికి తీసి, మధ్యలో అడ్డంగా 5 మి.మీ. ముక్క కొయ్యి. ఆ ఒక్క ముక్కలో మొప్ప, జీర్ణగ్రంథి, గోనాడ్ (జననగ్రంథి), మాంటిల్ (చిప్పకు ఆనుకున్న లోపలి పొర) అన్నీ వస్తాయి. రాయికి అతుక్కునే దారాలు, బైసస్ అంటాం, ముందే తీసెయ్. మైనం దిమ్మలో ఒక్క దారం మిగిలినా సెక్షన్ నిలువునా చీలుతుంది. జీర్ణగ్రంథిలో నాళికలు ఉంగరాల్లా కనబడతాయి. ఆరోగ్యంగా ఉంటే గోడల కణాలు పొడవుగా, మధ్య సందు ఇరుకుగా ఉంటుంది. కష్టం వచ్చినప్పుడు గోడ పలచబడి సందు వెడల్పవుతుంది. కానీ ఆకలితో ఉన్నా అట్లాగే అవుతుంది, గుడ్లు వదిలిన తర్వాత నీరసంలోనూ అవుతుంది, ఆటుపోట్ల వేళను బట్టి కూడా కొంత మారుతుంది. కాబట్టి రెండు చోట్లా ఒకే సైజువి, ఒకే నెలలో, ఆటుపోట్ల ఒకే వేళకు తీసుకోవాలి. గోనాడ్ ఏ దశలో ఉందో ప్రతిదానికీ రాసుకో. ట్రెమటోడ్ అనే పరాన్నజీవి పురుగుల సంచులు కనబడితే అవీ రాసుకో. పురుగు చేసిన నష్టాన్ని ఫ్యాక్టరీ మీదికి తోయకూడదు.

ఇవన్నీ చేసి వైజాగ్‌లో ముక్కలు సీసాల్లో వేశావనుకో, వరంగల్‌కు తేవడం ఎట్ల? గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో బ్యాగులో పెట్టుకుని రావద్దు. ఫార్మాలిన్, ఆల్కహాల్ లాంటి ప్రమాదకర ద్రవాలు, మండే ద్రవాలు రైల్లో తేవడం నేరం. పైగా బోగీలో సీసా పగిలితే తోటి ప్రయాణికుల కళ్లు మండిపోతాయి. నా సలహా ఏమిటంటే, అక్కడి ల్యాబ్‌లోనే ఇంకొన్ని రోజులు ఉండి మైనం దిమ్మలు పోసేసుకో. దిమ్మలు పొడిగా, వాసన లేకుండా ఉంటాయి, చల్లని చోట పెడితే ఏళ్లు నిలుస్తాయి. ఎండాకాలం మన వైపు ఎండలకు మెత్తబడతాయి కాబట్టి ప్రయాణం ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోకు. దిమ్మలు చేతికి వచ్చాక 4, 5 మైక్రాన్ల సెక్షన్లు కోసే పనంతా హనుమకొండలోనే.

విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవుల మీద పని చేసే విభాగం ఉంది. సీఎంఎఫ్ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) ప్రాంతీయ కేంద్రం, జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా అక్కడే ఉన్నాయి. మీ హెచ్‌ఓడీ సంతకంతో లెటర్ పంపు. ఏ జీవి, ఎన్ని, ఏ నెల, వాళ్ల దగ్గర ఏ పరికరం ఎన్ని రోజులు కావాలి అని స్పష్టంగా రాసిన లెటర్‌కు జవాబు వస్తుంది. "అవకాశం ఇప్పించగలరు" అని మాత్రమే రాసిన లెటర్ పక్కన పడిపోతుంది. తాబేలు, డాల్ఫిన్, నీటి గుర్రం, సముద్ర దోసకాయ జోలికి మాత్రం పోకు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద అవి రక్షిత జీవులు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన తాబేలు ముక్క తీసుకోవాలన్నా అనుమతి కావాలి.

ఇక స్లైడ్ చదవడం. ఇక్కడ నాకు ఒక గట్టి అభిప్రాయం ఉంది. స్లైడ్‌లోని గాయం విషం పేరు చెప్పదు. మొప్ప మార్పుల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ఒకచోట పెట్టి 1985లో మాలట్ అనే పరిశోధకుడు చూసినప్పుడు తేలింది కూడా ఇదే. రాగి తగిలినా, అమోనియా తగిలినా, డిటర్జెంట్ తగిలినా మొప్ప ఇచ్చే జవాబులు దాదాపు ఒకటే: పొర లేవడం, కణాలు పెరగడం, లామెల్లాలు కలిసిపోవడం. విషానికీ రక్తానికీ మధ్య దూరం పెంచుకోవడానికి చేప చేసే ప్రయత్నం అది. ప్రాణవాయువు అందడం తగ్గినా సరే అని చేసే ప్రయత్నం. కాబట్టి "ఈ మార్పు వల్ల ఇక్కడ కాడ్మియం ఉందని తెలుస్తోంది" అని రాయడానికి వీల్లేదు.

గాయం నుంచి కారణం దాకా ఎట్ల పోవాలో తెలుసుకోవాలంటే అమెరికా పశ్చిమ తీరంలోని ప్యుగెట్ సౌండ్ కథ చదువు. 1970ల చివర నుంచి అక్కడి ఇంగ్లిష్ సోల్ అనే బల్లపరుపు చేపల లివర్లలో కణుతులు, వాటికి ముందు వచ్చే మార్పులు కనబడుతూ వచ్చాయి. అక్కడివాళ్లు కణుతులు లెక్కపెట్టి ఊరుకోలేదు. అడుగు బురదలో పీఏహెచ్‌లు, అంటే తారు, నూనె, పొగల్లో ఉండే సుగంధ హైడ్రోకార్బన్లు, ఎక్కడ ఎక్కువ ఉన్నాయో అక్కడ లివర్ జబ్బు కూడా ఎక్కువ ఉందని చూపించారు. చేప పైత్యరసంలో ఆ రసాయనాల జాడ పట్టుకున్నారు, డీఎన్‌ఏకు అవి అతుక్కోవడం చూశారు. ల్యాబ్‌లో ఆ బురద సారాన్ని ఇచ్చి, కణితికి ముందు వచ్చే మార్పులు మళ్లీ తెప్పించారు. వయసు లెక్కలోకి తీసుకున్నారు, ముసలి చేపల్లో కణుతులు ఎట్లాగూ ఎక్కువ. ఈగల్ హార్బర్ అనే చోట కలప పాడవకుండా క్రియోసోట్ అనే తారు నూనె పట్టించే కర్మాగారం వల్ల బురదంతా పాడైంది. 1993, 94 మధ్య ఆ బురద మీద శుభ్రమైన మట్టి పొర పరిచారు. తర్వాతి ఏళ్లలో అక్కడి చేపల్లో లివర్ జబ్బు తగ్గుతూ వచ్చింది. కారణం తీసేస్తే జబ్బు తగ్గింది. ఇంతకన్నా పెద్ద రుజువు ఏముంటుంది? నాకైతే ఈ రంగంలో అన్నిటికన్నా నచ్చిన పని ఇదే. ఎందుకంటే అది జబ్బును చూపించడంతో ఆగకుండా, చేపలు కోలుకునే దాకా పోయింది.

విషం పేరు దాదాపు చెప్పే మార్పులు కూడా ఉన్నాయి, కానీ అరుదు. ఓడల అడుగున నాచు పట్టకుండా పూసే రంగుల్లో టీబీటీ అనే తగరం సమ్మేళనం ఉండేది. 1970లో ఇంగ్లాండ్‌లోని ప్లిమత్ దగ్గర ఆడ సముద్రపు నత్తలకు మగ అవయవం పెరగడం గమనించారు. లీటరు నీళ్లలో ఒక నానోగ్రాము స్థాయిలో ఉన్నా ఈ మార్పు మొదలవుతుంది. ముదిరితే గుడ్లు వచ్చే దారి మూసుకుపోయి, గుడ్లు లోపలే ఉండిపోయి ఆడ నత్త చనిపోతుంది. ఫ్రాన్స్‌లో ఆర్కషాన్ ఖాతంలో ఆల్చిప్పల పెంపకం దెబ్బతిన్నాక 1982లో చిన్న పడవల మీద ఆ రంగును ఆపేశారు. అంతర్జాతీయ ఒప్పందం 2001లో కుదిరి, 2008లో అమల్లోకి వచ్చింది. మినమాటా సంగతి నీకు తెలిసే ఉంటుంది. 1956లో బయటపడ్డ ఆ జబ్బులో మిథైల్ మెర్క్యురీ మెదడులో కొన్ని చోట్లనే ఎంచుకుని దెబ్బతీసింది, చిన్న మెదడు గ్రాన్యూల్ కణాలను, చూపుకు సంబంధించిన భాగాన్ని. ఏ కణం పోయింది, ఏది మిగిలింది అన్న అమరిక కొన్నిసార్లు విషం వైపు వేలు చూపిస్తుంది. దీనికి విరుద్ధంగా సముద్రపు తాబేళ్ల ఒంటి మీద వచ్చే ఫైబ్రోపాపిల్లోమా గడ్డలను చూడు. వాటితో ముడిపడింది ఒక హెర్పిస్ వైరస్. కాలుష్యం దానికి ఎంత దారి ఇస్తోందన్నది ఇంకా వాదనలోనే ఉంది. పాడైన నీళ్లలో జబ్బు జీవి దొరికినంత మాత్రాన లెక్క తేలిపోదు.

అంకెల సంగతి క్లుప్తంగా చెప్తాను. "మార్పులు కనబడినవి" అని రాస్తే చాలదు, ఎంత అన్నది కావాలి. బెర్నెట్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు 1999లో ఇచ్చిన పద్ధతి ఎక్కువమంది వాడుతున్నారు. ప్రతి మార్పుకూ అది ఎంత ప్రమాదకరమో 1 నుంచి 3 దాకా ఒక బరువు, ఎంత విస్తరించిందో 0, 2, 4, 6 అని ఒక మార్కు. రెండూ గుణించి, అవయవానికి మొత్తం కూడతాం. కానీ ఈ లెక్కంతా నిలబడాలంటే ఏ స్లైడ్ ఏ చోటిదో చదివేటప్పుడు నీకు తెలియకూడదు. మీ ఫ్రెండ్‌తో కోడ్ నంబర్లు వేయించి, అన్నీ చదివి మార్కులు వేశాకే కోడ్ విప్పు. మొదటి రోజు చదివిన స్లైడ్లు కొన్ని నెల తర్వాత మళ్లీ చదివి, మార్కులు కలుస్తున్నాయో లేదో చూసుకో. చేపల సంఖ్య కూడా ముఖ్యం. ఒకే చేప నుంచి తీసిన ఇరవై సెక్షన్లు ఇరవై చేపలు కావు.

మీ సార్ చెప్పిన చెరువు చేప, పురుగుమందు సంగతికి కూడా జవాబు చెప్పాలి. ఆయన మాటలో న్యాయం ఉంది. వరంగల్, జనగామ, భూపాలపల్లి వైపు పత్తి చేలల్లో కొట్టిన మందు వానకు కొట్టుకుపోయి చేరేది మన చెరువుల్లోనే. అది మన చేప, మన తిండి. దాన్ని చిన్నచూపు చూడకు. నాకు అభ్యంతరం ఉన్నది ఆ పనిని మామూలుగా చేసే తీరు మీద. 96 గంటల్లో సగం చేపలు చచ్చే మోతాదు కనుక్కోవడం, అందులో పదో వంతు తొట్టిలో వెయ్యడం, గాయాలు ఫొటో తీయడం. ఆ పదో వంతు మోతాదు ఏ చెరువులోనైనా ఉంటుందా అని ఎవరూ అడగరు. తొట్టిలో వేసిన మందు మర్నాటికి ఎంత మిగిలిందో కొలవరు. అట్లా చేస్తే గాయాలు కచ్చితంగా వస్తాయి, వాటి వల్ల తెలిసేది మాత్రం తక్కువ. దానికి బదులు ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఒక పని చెయ్. మన చెరువుల్లో దొరికే మంచినీటి ఆల్చిప్ప, లామెల్లిడెన్స్, రెండు చెరువుల నుంచి తీసుకో. ఒకటి చుట్టూ పత్తి చేలున్నది, ఇంకోటి పాకాల లాంటి, అడవి నడుమ ఉన్నది. సీజన్, సైజు రెండు చోట్లా ఒకటే ఉండేలా చూసుకుని, జీర్ణగ్రంథి, మొప్ప, గోనాడ్ చదువు. దానికి మీ సార్ ఒప్పుకుంటారు, ఖర్చు తక్కువ. పైగా పెర్నా మీద రేపు నువ్వు చేయబోయే పనికి చేతులు, కన్ను రెండూ తయారవుతాయి. ఆ రెండూ ఒకే ఆల్చిప్ప కుటుంబం కాదు, గోనాడ్, మొప్ప అమరికల్లో తేడాలుంటాయి. అయినా కోయడం, ఫిక్స్ చేయడం, ఏ చోటిదో తెలియకుండా మార్కులు వేయడం అన్నీ ఒకటే.

స్లైడ్ల మీద అనుమానం వస్తే మనుషుల పాథాలజిస్టులను, పశువుల పాథాలజిస్టులను అడగడానికి మొహమాటపడకు. కాకతీయ మెడికల్ కాలేజీ ఊళ్లోనే ఉంది, మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది. వాళ్లకు చేప గురించి తెలియకపోవచ్చు. కానీ చచ్చిన కణం ఏది, కుళ్లిన కణం ఏది, వాపు ఏది, కణితి ఏది అన్నది వాళ్లకు తెలిసినంత బాగా మన జువాలజీ వాళ్లకు తెలియదు. ముఖ్యంగా అక్కడి సీనియర్ టెక్నీషియన్ల దగ్గర కూర్చో. బ్లేడు ఏ కోణంలో పెట్టాలి, సెక్షన్ ముడతలు పడితే నీటి వేడి ఎంత పెంచాలి అన్నది పుస్తకంలో చదివితే వచ్చేది కాదు.

నువ్వు ఆఖర్న మైక్రోస్కోప్ కెమెరా లేదని రాశావు. ఐపీస్‌కు ఫోన్ ఆనించి తీసిన ఫొటోలు నేర్చుకునే దశలో చాలు, టెన్షన్ పడకు. స్కేల్ బార్ కోసం స్టేజ్ మైక్రోమీటర్ ఒక్కటి డిపార్ట్‌మెంట్‌లో అడిగి తీసుకో, అదే జూమ్‌లో దాన్ని కూడా ఒక ఫొటో తియ్యి. రోహు మొప్ప, లివర్, కిడ్నీ మొదటి సెట్ తయారయ్యాక ఇక్కడ పెట్టు. చేప చనిపోయిన వేళ, ఫిక్స్ చేసిన వేళ, స్టెయిన్, ఆబ్జెక్టివ్ ఏదో పక్కన రాయి. అవి లేకుండా ఫొటో మాత్రమే పెడితే నేనేమీ చెప్పలేను.